ఫోనులో డబ్బు – మోసాలను గుర్తించడం

వరంగల్లు, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం సూరత్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. లింబాయత్ వంటి బస్తీలలో ఉంటూ మరమగ్గాల మీద పనిచేసేవారు ఒకప్పుడు ఇంటికి మనియార్డరు చేసేవారు, లేదా ఊరికి పోయేవారి చేతికి డబ్బు ఇచ్చి పంపేవారు. 2016లో యు.పి.ఐ. పద్ధతి వచ్చాక అదే పని ఫోనులో క్షణంలో అవుతున్నది. డబ్బు మోసగాడి చేతికి పోవడానికి కూడా ఆ క్షణమే చాలు. అది ఎలా జరుగుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక ఉదాహరణ చూడండి. ఒకామె ఇంటి వద్ద చీరలు అమ్ముతుంది. వాటి ఫోటోలు వాట్సాప్‌లో పెడుతుంది. ఒకరోజు కొత్త నంబరు నుంచి ఫోను వస్తుంది.

"అక్కా, పది చీరలు కావాలి. అడ్వాన్సు రెండు వేలు పంపుతున్నాను. మీకొక క్యూఆర్ కోడ్ పంపాను. స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది."

ఆమె అలాగే చేస్తుంది. రెండు వేలు రావు, ఖాతాలో ఉన్న రెండు వేలు పోతాయి. "పొరపాటైంది అక్కా, మళ్లీ కొట్టండి, మొత్తం తిరిగి వస్తుంది" అంటాడు. మళ్లీ పోతాయి.

ఇక్కడ ఏం జరిగింది? పిన్ అంటే బ్యాంకులో డబ్బు తీసుకునే ఫారం మీద మీరు చేసే సంతకం లాంటిది. మీ ఖాతాలో డబ్బు వేసేవాడికి మీ సంతకంతో పనేముంది? డబ్బు పంపడానికి, నిల్వ చూసుకోవడానికి మాత్రమే పిన్ కావాలి. రావడానికి అక్కరలేదు. ఓటీపీ కూడా ఎవరికీ చెప్పవలసినది కాదు, బ్యాంకు వారమని చెప్పినా సరే.

కొందరు ఆశ చూపరు, భయపెడతారు. పోలీసు దుస్తులలో వీడియో కాల్ చేసి, "మీ పేరున వచ్చిన పార్సిలులో మత్తుమందులు దొరికాయి. మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు. ఫోను పెట్టకండి, ఇంట్లో ఎవరికీ చెప్పకండి" అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా ఈ మాట చెప్పారు. ఎవరికీ చెప్పవద్దు అన్నారంటే వెంటనే ఎవరికైనా చెప్పండి.

మరొక మోసం ఉంది. దీనిలో మీ డబ్బు పోదు కాబట్టి చాలామంది దీన్ని మోసమనే అనుకోరు. "నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ మాకు ఇవ్వు. నెలకు ఇంత ఇస్తాం" అని తెలిసినవారే అడుగుతారు. పని సరిగా దొరకని రోజుల్లో ఇది తేలిక సంపాదనగా కనిపిస్తుంది. ఇతరులను మోసగించి తెచ్చిన సొమ్మును ఆ ఖాతాల గుండా తరలిస్తారు. 2024లో సూరత్ పోలీసులు పట్టుకున్న ఒక ముఠా ఇటువంటి ఖాతాలను వందల సంఖ్యలో వాడుకున్నది. పోలీసులు ముందుగా వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉన్నదో వారి ఇంటికే. ఖాతా స్తంభిస్తే కూలి డబ్బు కూడా అందులోనే చిక్కుకుంటుంది.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు మారుతూ పోతుంది. అది నగదుగా చేతికి అందకముందే ఫిర్యాదు చేరితే బ్యాంకులు దాన్ని ఆపగలవు. ఎంత పోయింది, ఏ సమయంలో, లావాదేవీ సంఖ్య ఏమిటి – ఇవి దగ్గర పెట్టుకోండి. సూరత్ నుంచి చేస్తే హిందీలోనో గుజరాతీలోనో మాట్లాడవలసి రావచ్చు. బడికి పోయే పిల్లలనో, పక్కింటివారినో కూర్చోబెట్టుకుని మాట్లాడించండి. సిగ్గుపడి రేపటికి వాయిదా వేయకండి. మీ బ్యాంకుకు కూడా చెప్పి కార్డును ఆపించండి.

మీరే ప్రయత్నించండి

1. చీరలు అమ్మే ఆమె ఏ మాట విన్నప్పుడు అనుమానించవలసింది?

2. మీ బంధువు ఒకరు తన ఖాతాను అద్దెకు ఇస్తానంటే మీరు ఏమని చెబుతారు? నాలుగు వాక్యాలలో రాయండి.