మా వీధి గాలిని ఎవరు కొలుస్తారు?

ఉత్తర చెన్నైలోని మా తెలుగు బడిలో నల్లబల్ల మీద తేదీ, హాజరుతో పాటు ఈ ఏడాది మరో అంకె చేరింది. గాలి నాణ్యత సూచీ. ఏడో తరగతి పిల్లలు మా ఫోన్‌లో చూసి రాస్తారు. ఒక రోజు ‘78, సంతృప్తికరం’ అని రాశారు. ఆ పూటే బడి వెనక ఎవరో చెత్త తగలబెట్టారు. ఉబ్బసమున్న ఐదో తరగతి పాప ఇన్‌హేలర్ కోసం సంచీ తడుముకుంటూ, “టీచర్, బోర్డు మీద బాగుందనే ఉంది కదా?” అంది. మాకు నోట మాట రాలేదు.

ఉత్తర చెన్నైకి యంత్రాలే లేవంటే తప్పు. మణలి, రాయపురం, కొడుంగైయూర్‌లో ప్రభుత్వ కేంద్రాలున్నాయి. అయితే అవి తామున్న చోటి గాలినే కొలుస్తాయి. పైగా సూచీ 24 గంటల సగటు మీద కట్టేది. గంటసేపు కమ్మిన పొగ ఆ సగటులో కలిసిపోతుంది. ‘సంతృప్తికరం’ అన్న మాటకూ అర్థం తెలుసుకోవాలి. పీఎం 2.5 అనే సన్నని ధూళికి మన దేశపు రోజువారీ హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. ఆ ధూళి 60 దాకా ఉన్నా మన లెక్కలో ‘సంతృప్తికరం’ కిందికే వస్తుంది.

చిన్న సెన్సర్లు కొన్ని వేల రూపాయలకు దొరుకుతున్నాయి. కొనగలిగినవాళ్లు బాల్కనీలో తగిలించుకుంటారు, వాళ్ల వీధి మ్యాపులో కనిపిస్తుంది. రోజుకూలీ తల్లిదండ్రులుండే వీధి మాత్రం మ్యాపులో ఖాళీగానే ఉంటుంది. ఖాళీగా ఉంది కాబట్టి అక్కడ ఇబ్బందేమీ లేదనుకుంటారు. మాకు అన్యాయంగా తోచేది ఇదే.

బడికొకటి కొందామని తల్లిదండ్రుల సమావేశంలో కొందరన్నారు. మేం ఒప్పుకోలేదు. గాలిలో తేమ పెరిగితే ఇవి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. వానాకాలంలో మనం చూపే అంకెను అధికారులు సులువుగా కొట్టిపారేస్తారు. చుట్టుపక్కల మైనారిటీ బడులన్నిటికీ కలిపి ఒకటి చాలు. ముందు దాన్ని ప్రభుత్వ కేంద్రం పక్కన కొన్ని వారాలుంచి తేడా చూడాలి, తర్వాత బడికి పదిహేను రోజుల చొప్పున తిప్పాలి. అందుకు అనుమతి కోరుతూ కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టాం. దాన్ని తమిళంలో రాసిపెట్టింది ఒక విద్యార్థి తల్లి. మా తమిళం అంగడి దాకానే, అర్జీ దాకా రాదు మరి.

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా పిల్లలు ఒక నోటుపుస్తకం పెట్టారు: పొగ ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపుంది, గాలి సముద్రం వైపు నుంచా, చెత్తకుప్ప వైపు నుంచా, ఎవరెవరికి దగ్గొచ్చింది. సూచీ అంకె పక్కన ఆ వివరం కూడా ఇప్పుడు బోర్డెక్కుతోంది. పొగ వచ్చిన రోజు ఆటల పీరియడు తరగతి గదిలోనే.