జాబితా దిద్దుకున్న సైనికుడు

నేరం ఎవరు చేశారన్న ప్రశ్నకన్నా ఆ నేరంతో ముడిపడిన మనుషుల మనసుల్లో ఏం జరిగిందన్న ప్రశ్నమీద కథ నడిపే నవలలను మనోవైజ్ఞానిక ఉత్కంఠ నవలలు అంటారు. వీటిలో చాలావాటికి జనసంచారం లేని అడవో సరస్సో రంగస్థలం కావడానికి కారణం లేకపోలేదు. ఇరుగుపొరుగులు, బంధువులు, రోజువారీ పనులు అడ్డుగా లేని చోట ఒకే కప్పుకింద ఉన్న ఇద్దరు ఎన్నేళ్లుగానో దాటవేస్తూ వచ్చిన మాట దాటవేయడానికి వీలు చిక్కదు. అమెరికన్ రచయిత టిమ్ ఓబ్రయన్ 1994లో ప్రచురించిన 'ఇన్ ద లేక్ ఆఫ్ ద వుడ్స్' ఈ కోవకు చెందినదే అయినా, మామూలుగా చివర బయటపడవలసిన రహస్యం ఇందులో కథ మొదలయ్యేనాటికే పత్రికలకెక్కి ఉంటుంది.

మిన్నెసోటా రాష్ట్రంలో లెఫ్టినెంట్ గవర్నర్ పదవి దాకా ఎదిగిన జాన్ వేడ్, 1986లో సెనేట్ స్థానం కోసం ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రాథమిక ఎన్నికలో, చిత్తుగా ఓడిపోతాడు. వియత్నాం యుద్ధకాలంలో మై లై ఊచకోత జరిపిన దళంలో అతను ఉన్నాడన్న వార్త ఎన్నికల ముందు వెలువడడమే ఆ ఓటమికి కారణం. భార్య కేథీతో కలిసి అతను రాష్ట్రం ఉత్తరపు అంచున ఉన్న సరస్సు ఒడ్డున ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటాడు. కొద్ది రోజులకే కేథీ మాయమవుతుంది, ఒడ్డున ఉండవలసిన పడవ కూడా కనిపించదు.

ఆ సరస్సు కల్పన కాదు. మిన్నెసోటాకూ, కెనడాలోని ఒంటారియో, మానిటోబాలకూ నడుమ పరచుకున్న లేక్ ఆఫ్ ద వుడ్స్‌లో 14,000కు పైగా దీవులు ఉన్నాయని లెక్క. దాని పడమటి ఒడ్డున ఉన్న నార్త్‌వెస్ట్ యాంగిల్ అనే నేల అమెరికాదే అయినా తక్కిన అమెరికాతో భూమార్గంలో కలవదు, రోడ్డు మీద వెళ్లాలంటే కెనడాలోకి దాటి మళ్లీ రావలసిందే. 1783 నాటి ప్యారిస్ ఒప్పందం రాసినవారు ఈ సరస్సు వాయవ్యపు కొస నుంచి నేరుగా పడమటికి గీత గీస్తే మిసిసిపీ నది తగులుతుందని తప్పుడు పటాన్ని చూసి నమ్మారు; నది పుట్టుక అంతకన్నా దక్షిణాన ఉందని తేలాక, 1818 ఒప్పందంలో ఆ కొస నుంచి 49వ అక్షాంశం దాకా సరిహద్దును కిందికి దించవలసి వచ్చింది. కాగితం మీది పొరపాటు నేలమీద దేశంగా మిగిలిపోయిన ఇలాంటి చోటును ఈ కథకు ఎంచుకోవడం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం, ఎందుకంటే నవలకు ఆయువుపట్టు కూడా కాగితం మీద జరిగిన ఒక దిద్దుబాటే.

వియత్నాంలో చివరి నెలలు వేడ్ బెటాలియన్ కార్యాలయంలో గుమాస్తా పనిలో గడుపుతాడు. ఒక రాత్రి టైపు మిషను ముందు కూర్చుని, ఊచకోత జరిపిన చార్లీ కంపెనీ జాబితాల్లోంచి తన పేరు తీసేసి, ఆల్ఫా కంపెనీ కాగితాల్లో ఎక్కించుకుంటాడు. అందులో ఆవేశం గానీ రక్తం గానీ లేవు, కార్యాలయాల్లో రోజూ జరిగే పనిలాంటిదే అది. అయినా నవల మొత్తంలో అంతకన్నా ఒళ్లు జలదరింపజేసే పేజీలు అరుదు. ఆ తరువాత పెళ్లి, రాజకీయ జీవితం అన్నీ ఆ దిద్దిన కాగితం మీదే నిలబడతాయి. తాగుబోతు తండ్రి ఇతని పద్నాలుగో ఏట గ్యారేజీలో ఉరివేసుకోవడం, ఆ పిల్లవాడు అద్దం ముందు గారడీలు సాధన చేస్తూ దుఃఖాన్ని కనుమరుగు చేయడం అలవాటు చేసుకోవడం చదివాక, జాబితా దిద్దిన చేతికి ఆ విద్య ఎప్పుడు పట్టుబడిందో పాఠకుడికి బోధపడుతుంది. కేథీకి మాత్రం రహస్యాలు లేవా అంటే, ఒక పరిచయస్థుడితో నడిచిన సంబంధం, భర్త ఎదుగుదల కోసం వదులుకున్న గర్భం ఆమె లోపల ఉన్నాయి. భర్త కాలేజీ రోజుల నుంచే తనను చాటుగా వెంబడించి గమనిస్తున్నాడని కూడా ఆమెకు తెలుసు.

మాయమైన రాత్రి గురించి స్పష్టంగా తెలిసేది కొంచెమే. వేడ్ నిద్రలోంచి లేచి, కెటిల్‌లో నీళ్లు మరిగించి, ఇంట్లోని కుండీల మొక్కల మీద ఆ సలసల కాగే నీళ్లు పోస్తాడు. ఆ తరువాత ఏమైందో అతనికే గుర్తులేదు, లేదా గుర్తులేదని చెబుతాడు. కథ చెప్పే అజ్ఞాత పరిశోధకుడు కొన్ని అధ్యాయాలకు 'సాక్ష్యం' అని, కొన్నిటికి 'ఊహ' అని పేర్లు పెట్టి నడుపుతాడు. సాక్ష్యాల్లో కల్పిత పాత్రల వాంగ్మూలాల పక్కనే మై లై సైనిక న్యాయస్థానంలో నిజంగా నమోదైన మాటలు, గారడీ పుస్తకాల్లోని వాక్యాలు కనిపిస్తాయి; ఊహల్లో కేథీ ఒకసారి సరస్సులో దారి తప్పుతుంది, ఒకసారి మునిగిపోతుంది, ఒకసారి భర్త చేతిలోనే చనిపోతుంది. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ చివరి పేజీల్లో ముడి విప్పుతుంటే చదివి పెరిగిన తెలుగు పాఠకులకు ఈ పద్ధతి మొదట విసుగనిపించవచ్చు. అయితే తన పేరు చెరిపేసుకోవడంలో ఆరితేరినవాడి గురించి సాక్ష్యాలు కూర్చినంత మాత్రాన నిజం తేలుతుందని నమ్మించడమే ఇక్కడ మోసం అయ్యేది. జవాబు ఇవ్వకపోవడం పాఠకుడితో ఆట కాదు, ఆ మనిషిని ఉన్నట్టుగా చూపడం.

నవల వెనుక ఉన్న చరిత్ర మాత్రం అస్పష్టం కాదు. 1968 మార్చి 16న వియత్నాంలోని క్వాంగ్ న్గాయ్ రాష్ట్రంలో, మై లై గ్రామంలో అమెరికన్ సైనికులు నిరాయుధులైన గ్రామస్థులను చంపారు. మృతులు 347 మంది అని అమెరికా సైన్యం, 504 మంది అని వియత్నాం లెక్కించాయి. పాత్రికేయుడు సేమూర్ హెర్ష్ 1969 నవంబరులో బయటపెట్టేదాకా లోకానికి ఈ సంగతి తెలియలేదు. 1971లో శిక్షపడింది ఒక్క లెఫ్టినెంట్ విలియం కాలీకే. ఊచకోత జరిగిన మరుసటి సంవత్సరమే, 1969లో, ఓబ్రయన్ సైనికుడిగా అదే ప్రాంతానికి వెళ్లాడు.

లోపమంటూ ఉంటే అది ముగింపులో కాదు, మరోచోట ఉంది. కేథీని పాఠకుడు చూసేది ఎక్కువగా ఇతరుల ఊహల్లోనే కనుక ఆమె మనిషిగా కన్నా ప్రశ్నగా మిగిలిపోతుంది. ఆ గ్రామంలో చనిపోయినవారికైతే అదీ దక్కలేదు, వేడ్ కాల్చిచంపిన ముసలివాడు పేరు లేకుండానే ఒక అమెరికన్ పీడకలలో పదేపదే నేలకూలుతుంటాడు. ఓబ్రయన్ 1994లోనే ఆ ప్రాంతానికి తిరిగి వెళ్లి, ఊచకోతలో బతికి బయటపడినవారితో మాట్లాడి, న్యూయార్క్ టైమ్స్ వారి పత్రికలో ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. నవలను చదివినవారు ఆ వ్యాసాన్ని కూడా పక్కన పెట్టుకుని చదివితే, కథలో నోరు విప్పని గ్రామం మాట అక్కడ కొంతైనా వినవచ్చు.