రూపసూత్రములు - గ్రామనామముల వడపోత

గ్రామనామ పరిశీలనము భాషాచరిత్రకు ఎంతగా ఉపకరించునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఊరు, పల్లి, పూడి, పఱ్ఱు, ప్రోలు మున్నగు ఉత్తరపదములను లెక్కించి, అవి ఏ ప్రాంతమున దట్టముగా నున్నవో, ఎచ్చట విరళములో చూపి, దానినిబట్టి జనావాసముల పూర్వాపరములను ఊహించుట ఈ పరిశీలనమున వాడుకయైన మార్గము. మున్ను ఈ లెక్క చీటీలపై జరుగుచుండెడిది. ప్రతి పేరును పరిశోధకుడు కంటితో చూచి చేతితో వేఱుచేయుచుండెను. నేడు గ్రామముల జాబితాలు కంప్యూటరు ఫైళ్లుగా లభించుచున్నవి. పైథాన్ వంటి స్క్రిప్టుభాషలో నాలుగు పంక్తులు వ్రాసినచో వేలకొలది పేర్లు క్షణములో వడపోయబడును. సౌకర్యము గొప్పదే. కాని కన్ను తనంతట తాను సరిపెట్టుకొను భేదములను యంత్రము సరిపెట్టుకొనదు. సూత్రము తప్పినచో లెక్క తప్పును. లెక్క తప్పినచో దానిపై కట్టిన సిద్ధాంతము నిలువదు. కావున ఈ వడపోత తెలుగు పేర్లయెడ ఎట్లు నడచునో, ఎచ్చట మోసగించునో కొంత వివరింప దలచితిమి.

ఆంగ్లమున రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనబడుదానిని ఈ వ్యాసమున రూపసూత్రమని వ్యవహరింతుము. దీనికి మూలమైన భావనను గణితతర్కవేత్త స్టీఫెన్ క్లీనీ 1951లో ఒక నివేదికయందు ప్రతిపాదించెను. అది 1956లో అచ్చైనది. కెన్ థాంప్సన్ 1968లో ప్రకటించిన వ్యాసముతో అది పాఠములను వెదకు సాధనముగా మాఱినది. తరువాత 1987లో వెలువడిన పెర్ల్, 1991లో వెలువడిన పైథాన్ దీనిని సామాన్యుల చేతికందించినవి.

రూపసూత్రమనగా అక్షరములును, కొన్ని గుర్తులును కలిసిన చిన్న వాక్యము. పేరు ముగియుచోటును డాలరు గుర్తు ($) తెలుపును. వికల్పమును నిలువుగీటు (|) తెలుపును. చదరపు కుండలీకరణములలోని గుర్తులలో ఏదో యొకటి చాలును. ప్రశ్నార్థకము తన ముందున్నది ఉండవచ్చును, లేకపోవచ్చును అని చెప్పును. 'పల్లి' అని మాత్రము వ్రాసినచో తాడేపల్లి, కొండపల్లి మొదలగువానితో పాటు నెల్లూరు జిల్లాలోని పల్లిపాడు కూడ వచ్చి చేరును. 'పల్లి$' అన్నచో పల్లిపాడు తొలగును. మదనపల్లె, రేపల్లె కూడ కావలెనని 'పల్లి|పల్లె$' అని వ్రాయువారు కలరు. ఇచ్చట డాలరు గుర్తు రెండవ వికల్పమునకే చెందును. అందుచే పల్లిపాడు మరల ప్రవేశించును. '(పల్లి|పల్లె)$' అని కుండలీకరణము చేయుట ఆవశ్యకము. మఱియొక చిన్న సంగతి. పైథాన్‌లో 'మ్యాచ్' అను క్రియ పేరు మొదటినుండియే పోల్చును. 'సెర్చ్' అను క్రియ ఎచ్చటనైనను వెదకును. ఉత్తరపదములకు రెండవదే తగినది.

ఇంతవరకు చెప్పినది ఏ భాషకైనను సమానమే. తెలుగునకు ప్రత్యేకమైన చిక్కు ఇక్కడినుండి ప్రారంభమగును.

గుంటూరు, నెల్లూరు, ఏలూరు, కొవ్వూరు, ఉయ్యూరు అను ఐదు పేర్లను తీసికొందము. వీనిపై 'ఊరు$' అను సూత్రమును ప్రయోగించినచో ఒక్క పేరును రాదు. కారణము సులభమే. యూనికోడు లిపిసంకేతమున తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు స్థానములు కేటాయింపబడినవి. అందు అచ్చుగా నిలిచిన 'ఊ' స్థానము 3082. హల్లుతో కూడిన దీర్ఘమగు కొమ్ము 'ూ' స్థానము 3138. మనకు రెండును ఒకే వర్ణము. యంత్రమునకు రెండును వేర్వేఱు వస్తువులు. గుంటూరులో 'ఊ' అను అచ్చు సంధివశమున టకారమును చేరి గుణింతపు గుర్తుగా మాఱినది. కనుక '(ఊ|ూ)రు$' అని వ్రాయవలెను. దీనినే చదరపు కుండలీకరణములలోనుంచిన యంత్రమునకు అభ్యంతరము లేదు గాని, తెరపై కొమ్ము ముందున్న అక్షరమునకు అంటుకొని చదువరిని తికమకపెట్టును. మేము నిలువుగీటునే మెచ్చుకొందుము.

ఊరు తెలుగు గ్రామనామములలో మిక్కిలి విస్తారమైన ఉత్తరపదము. అట్టిది ఒక గుర్తు లోపమువలన పట్టికలో దాదాపు శూన్యముగా కనబడినచో అనుభవజ్ఞుడు వెంటనే శంకించును. అంత ప్రసిద్ధము కాని ఉత్తరపదమునకు ఇదే లోపము సంభవించినచో శంకించువారెవరు?

అక్షరమనగా నేమి అను ప్రశ్న కూడ ఇచ్చట ఎదురగును. గుంటూరు మనకు మూడక్షరముల పేరు. పైథాన్ లెక్కలో అది ఏడు: గకారము, కొమ్ము, సున్న, టకారము, దీర్ఘపు కొమ్ము, రేఫము, కొమ్ము. సూత్రములోని చుక్క (.) 'ఏదేని ఒక అక్షరము' అని పుస్తకములలో చదివి, మూడు చుక్కలతో మూడక్షరముల పేర్లను ఏరబూనిన విద్యార్థికి ఆశాభంగము తప్పదు. ఇంతకంటె గూఢమైనది పదాక్షర సంకేతము. వెనుకకు వాలినగీటు ప్రక్క రోమను 'డబ్ల్యూ' వ్రాసి దీనిని సూచింతురు. పైథాన్‌తో వచ్చు సహజ పరికరము హల్లులను, అచ్చులను పదాక్షరములుగా నంగీకరించునే గాని గుణింతపు గుర్తులను, సున్నను, పొల్లును అంగీకరింపదు. ఈ సంకేతముతో 'గుంటూరు'ను పదముగా పట్టుకొనబోయినచో గ, ట, ర అను మూడు తునుకలు చేతికి వచ్చును. పదాంతమును తెలుపు సంకేతము కూడ దీనిపైననే ఆధారపడినది గనుక అదియు నమ్మదగినది కాదు. తెలుగు పేర్లకు '[ఁ-ౣ]' అని మన లిపి పరిధిని స్వయముగా చెప్పుకొనుటయే క్షేమము.

ఇక వ్యాకరణ విషయము. చిన్నయసూరి పరుషములని పేర్కొన్న క చ ట త ప లు సంధియందు సరళములగుటయు, గ స డ ద వ లగుటయు మన విద్యార్థులకు కంఠస్థమే. గ్రామనామములయందు ఈ వికారములు రూపమున స్థిరపడిపోయినవి. భట్టిప్రోలులో పకారము నిలిచినది. చేబ్రోలులో అది బకారమైనది. నిడదవోలులో వకారమై, రేఫమును కూడ కోల్పోయినది. ఇవి మూడును ఒకే పదమని గ్రహించిన పరిశోధకుడు '(ప్రోలు|బ్రోలు|వోలు)$' అని వ్రాయును. గ్రహింపనివాడు మూడు వేర్వేఱు పట్టికలు వేసి, మూడు వేర్వేఱు ఆవాస స్తరములను కల్పించును. తూర్పు చాళుక్యరాజగు రెండవ అమ్మరాజు శాసనములలో ఒకటి కలుచుంబఱ్ఱునకు, మఱియొకటి మలియపూండికి సంబంధించినవి. మొదటిదాన అనునాసికము తరువాత 'పఱ్ఱు' 'బఱ్ఱు' అయినది. రెండవదానిలోని 'పూండి' నేటి పేర్లలో 'పూడి'. శాసనముల పేర్లను, నేటి జాబితాను ఒకే సూత్రముతో వడపోయదలచినచో '(ప|బ)(ఱ్ఱు|ర్రు)$' అనియు, 'పూ(ం|ఁ)?డి$' అనియు వ్రాయవలసియుండును. శకటరేఫమునకు 3121, సాధురేఫమునకు 3120 స్థానములు. యంత్రమునకు వీని మైత్రి తెలియదు.

ఇంటిపేర్ల జాబితాలకు వచ్చునప్పుడు ఔపవిభక్తికములు గుర్తుండవలెను. ఊరు ఊరి యగును, పాడు పాటి యగును, వీడు వీటి యగును. 'పాడు$' అని వెదకినవానికి ఇంటిపేర్లలో పాడు కనబడకపోవుట వింత కాదు. '(పాడు|పాటి)$' అన్న చాలును.

లేఖనభేదములు అనేకములు. అనంతపురము, అనంతపురం, విశాఖపట్టణము, విశాఖపట్నం. 'పుర(ము|ం)$' వంటి సూత్రములతో ఇవి తీఱును. కంటికి కనబడని భేదములు మాత్రము ప్రమాదకరములు. కరీంనగర్ వంటి పొల్లంత్య పదముల తుదను 8204వ స్థానములోని అదృశ్యసంకేతమును చేర్చి టైపుచేయుట కలదు. అది యున్నచో 'నగర్$' విఫలమగును. ఐత్వపు గుర్తును ఒకే సంకేతముగా (3144) గాని, రెండు సంకేతములుగా (3142, 3158) గాని వ్రాయవచ్చును. తెరపై భేదము లేదు. వడపోతకు ముందే జాబితాను యూనికోడు సమరూపమునకు తెచ్చి, అదృశ్యసంకేతములను, తుది ఖాళీలను తొలగించుట మొదటి పనిగా పెట్టుకొనవలెను.

సూత్రము పట్టిన పేర్లను చూచి తృప్తిపడుట చాలదు. పట్టక విడిచిన పేర్లను కూడ వేఱొక ఫైలునకు వ్రాయించి, అందు కొంత భాగమునైనను కన్నులతో చదువవలెను. లోపములు దాగియుండునది అచ్చటనే. అట్లే సూత్రము పట్టినవన్నియు సజాతీయములని భావింపరాదు. '(ఊ|ూ)రు$' అన్నచో తంజావూరును, బెంగళూరును కూడ వచ్చును. రూపమున అవి ఒకటియే; ఏది తెలుగు స్తరమో, ఏది ద్రావిడ సామాన్యమో తేల్చుట పరిశోధకుని విధి. వ్యాసమున సంఖ్యతో పాటు ఆ సంఖ్యను ఇచ్చిన సూత్రమును గూడ ప్రకటించినచో ఇతరులు సరిచూచుటకు వీలగును.

కొన్ని పేర్లు ఏ సూత్రమునకు లొంగవు. కర్నూలు పూర్వనామము కందనవోలు. దీనిని ప్రోలు వర్గమున చేర్చుటకై 'ూలు$' అను వికల్పమును కలిపినచో సంబంధములేని పేర్లు వచ్చిపడును. 'ోలు$' అని సడలించినచో ఒంగోలు కూడ లోనికి వచ్చి తన వివాదమును వెంట తెచ్చును. ఇట్టివానిని పూర్వరూపముతో సహా ప్రత్యేక పట్టికలో చేతితో వ్రాసి, వడపోత ఫలితమునకు పిమ్మట కలుపుకొనుటయే మేము అనుసరించు పద్ధతి.