కాగితపు తల్లి అయిదూళ్లు

జపాన్‌లో కాగితానికి గుడి ఉంది. పడమటి సముద్ర తీరం వైపున్న ఫుకుయి ప్రిఫెక్చర్‌లో, ఎచిజెన్ నగరం నడిబొడ్డు దాటి కొండల్లోకి వెళ్తే ఒటాకి అనే ఊరొస్తుంది. ఆ ఊరి దేవదారు చెట్ల మధ్య ఉంది ఆ గుడి. అందులో కొలువైన తల్లి పేరు కవాకమి గోజెన్. పదిహేను వందల ఏళ్ల కింద వాగు ఎగువన ఒక స్త్రీ కనిపించిందట. ఈ లోయలో వరి పండే నేల తక్కువ, నీళ్లు మాత్రం స్వచ్ఛమైనవి, కాగితం చేసుకు బతకండని చెప్పి, పై వస్త్రం విప్పి కర్రకు తగిలించి, ఆ పని నేర్పి వెళ్లిపోయిందట. కథ నిజానిజాలు ఎలా ఉన్నా అందులోని లెక్క మాత్రం సరైనది. పొలం లేని ఊరికి వాగే పొలమైంది.

ఇప్పుడున్న గుడి 1843లో కట్టింది. ఒక కప్పు మీదికి ఇంకో కప్పు అలలా ఎగబాకుతున్నట్టుండే ఆ పైభాగమంతా చెట్టు బెరడుతో నేసిందే. ఏటా మే 3 నుంచి 5 దాకా ఉత్సవం. కొండ మీద నుంచి తల్లిని పల్లకీలో దించి, కాగితం చేసే అయిదూళ్లలోనూ ఊరేగిస్తారు. వచ్చిన తల్లిని పక్క ఊరికి అప్పగించడానికి ఏ ఊరికీ మనసొప్పదు. పొలిమేరల్లో పల్లకీ కోసం తోపులాట కూడా ఆనవాయితీలో భాగమే.

హొకురికు షిన్‌కన్‌సెన్ లైను 2024 మార్చి 16న త్సురుగా దాకా పొడిగించాక, టోక్యో నుంచి ఎచిజెన్ తకెఫు స్టేషన్‌కు నేరుగా రైలొచ్చింది. అక్కడి నుంచి ఈ ఊళ్లు కారులో కాసేపటి దూరమే. చాలామంది పర్యాటకులు ముందుగా వెళ్లేది పాపిరస్ భవనానికి. కాగితం స్వయంగా చేసి చూసే చోటు అది.

తొట్టి నిండా పాలు విరిగినట్టున్న నీళ్లు. అందులో నార పోగులు తేలుతుంటాయి. అడుగున జల్లెడ ఉన్న చిన్న చెక్క చట్రం చేతికిస్తారు. ముంచి, సమంగా పైకెత్తి, అటూ ఇటూ మెల్లగా ఆడించాలి. నీళ్లు కిందికి జారిపోతూ ఉంటే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని తెల్లటి పొరగా నిలుస్తాయి. దాని మీద ఎండిన పూరేకులో, ఆకులో పేర్చుకోవచ్చు, రంగు చిలకరించుకోవచ్చు. తర్వాత యంత్రంతో తడి లాగేసి, వేడి పలక మీద ఆరబెట్టి చేతిలో పెడతారు. పట్టుమని అరగంట కూడా పట్టదు. అయిదేళ్ల పిల్లలకు కూడా కుదురుతుంది. మొదటి పొర ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా వస్తుంది. చట్రాన్ని సమంగా పట్టడమే ఎంత కష్టమో చేతులకు అప్పుడు తెలుస్తుంది.

అక్కడితో ఆగి తిరుగు బస్సెక్కేవాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది. చేతిలో పోస్టుకార్డంత కాగితం ఉంటుంది, సంతోషమే. కానీ తొట్టిలోకి ఆ నార ఎలా వచ్చిందో వాళ్లు చూడలేదు. కాగితం పనిలో ముంచి ఎత్తడం చివరాఖరి ఘట్టం. అసలు కష్టమంతా దానికి ముందే అయిపోతుంది.

అది చూడాలంటే అదే వీధిలో ఉన్న ఉదత్సు భవనానికి వెళ్లాలి. 18వ శతాబ్దంలో ఒక కాగితపు కుటుంబం ఉన్న ఇంటిని ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అందులో నిపుణులు పాత పద్ధతిలోనే పనిచేస్తూ కనిపిస్తారు. కోజో అనే మల్బరీ జాతి చెట్టు కొమ్మల్ని చలికాలంలో నరికి, ఆవిరి పట్టి, బెరడు ఒలుస్తారు. పైనున్న నల్లటి తోలు గీకేసి, లోపలి తెల్ల నారను క్షారం కలిపిన నీళ్లలో ఉడకబెడతారు. ఆ తర్వాతిది నా దృష్టిలో ఈ ఊళ్ల అసలు పని. ఉడికిన నారను చల్లటి నీళ్లలో పరిచి, ఒక్కో పోగునూ వేళ్లతో విడదీస్తూ మచ్చలు, పెచ్చులు, మొగ్గ గుర్తులు ఏరేస్తారు. తరతరాలుగా ఎక్కువగా ఆడవాళ్లే చేస్తున్న పని ఇది. వంగిన నడుము, నీళ్లలో నానిన వేళ్లు, గంటల తరబడి మౌనం. గోరంత పెచ్చు మిగిలినా తెల్లకాగితం మీద మచ్చయి కూర్చుంటుంది.

ఏరిన నారను దంచి తొట్టిలో వేశాక, దానికి ఒక జిగురు కలపాలి. తొరొరో అఓయి అనే మొక్క వేరు నుంచి తీస్తారు దాన్ని. మన బెండకు దగ్గరి చుట్టం ఆ మొక్క, పసుపు పువ్వు కూడా అచ్చం బెండపువ్వే. వేరును నలగ్గొట్టి నీళ్లలో నానబెడితే బెండకాయ తరిగినప్పటిలాంటి బంక సాగుతుంది. పేరుకు జిగురే గానీ అది చేసేది అతికించే పని కాదు. పోగులు ముద్దకట్టకుండా, అడుగుకు దిగిపోకుండా నీళ్లలో తేలేలా పట్టి ఉంచుతుంది. నీరు జల్లెడ దాటడాన్ని ఆలస్యం చేస్తుంది. అందుకే పనివాడికి చట్రాన్ని మళ్లీమళ్లీ ఊపి, పొర మీద పొర వేసే వ్యవధి దొరుకుతుంది. తడి కాగితాల్ని మధ్యలో గుడ్డ లేకుండానే ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టేస్తారు. పిండి, మర్నాడు తీస్తే దేనికది విడివడుతుంది. మొదటిసారి చూసినవాళ్లెవరూ నమ్మలేరు. ఈ బంక ఎండకు నీరుగారిపోతుంది. అందుకే మంచి కాగితానికి చలికాలమే అదను.

ఇంత కష్టం ఇన్ని శతాబ్దాలు ఎందుకు నిలిచింది? పర్యాటకుల వల్ల కాదు, గిరాకీ వల్ల. ఈ ఊళ్ల కాగితం ఎప్పుడూ ఎవరికో ఒకరికి అవసరమవుతూ వచ్చింది. 1868లో మేజీ ప్రభుత్వం దేశమంతటికీ చెల్లేలా తొలి కరెన్సీ నోట్లు అచ్చువేసినప్పుడు కాగితం ఇక్కడిదే. తర్వాత టోక్యోలో ప్రభుత్వం నోట్ల కాగితపు కార్ఖానా పెట్టుకుంటే, పని నేర్పడానికి ఇక్కడి నుంచే మనుషులు వెళ్లారు. 1920లలో వసేదా విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి యొకోయామా తైకాన్, షిమొమురా కంజాన్ కలిసి భారీ చిత్రం గీస్తే, దాని కోసం ఇక్కడి ఇవానో హెయిజబురో అయిదు మీటర్లకు పైగా ఉన్న ఒకే ఒక్క కాగితం చేసిచ్చారు. చెక్క అచ్చు చిత్రాలకు వాడే హోషో కాగితం చేసినందుకు తొమ్మిదో తరం ఇవానో ఇచిబెయికి 2000లో జపాన్ ప్రభుత్వమిచ్చే జీవన జాతీయ నిధి గౌరవం దక్కింది. దేశదేశాల గ్రంథాలయాల్లో చిరిగిన పాత పుటలు అతికేది కూడా జపాన్ పల్చటి కాగితాలతోనే. మన దేశంలో పాత రాతల్ని బాగుచేసేవాళ్ల బల్లల మీద కూడా అవి ఉంటాయి.

గిరాకీ తగ్గుతోంది, ఆ మాట దాచనక్కర్లేదు. గదుల మధ్య జారుడు తలుపులకు అంటించే కాగితం ఎచిజెన్‌కు పెద్ద ఆధారం. కొత్త అపార్టుమెంట్లలో చాపల గదులూ ఆ తలుపులూ అరుదైపోతున్నాయి. ఇంకో దెబ్బ బెండ చుట్టం నుంచే వచ్చింది. దేశానికి కావాల్సిన ఆ వేరులో ఎక్కువ భాగం అప్పట్లో పండించింది ఇబరాకి ప్రాంతంలో వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ రైతు కుటుంబాలు. వయసు మీదపడిందని, ఇక సాగు మానేస్తామని 2019లో వాళ్లు చెప్పేసరికి జపాన్‌లోని కాగితపు ఊళ్లన్నీ ఉలిక్కిపడ్డాయి. చట్రం పట్టే చేయికి దక్కే గౌరవం, వేరు తవ్వే చేయికి దక్కలేదు. హస్తకళల గురించి రాసేటప్పుడు మనమంతా తప్పిపోయే చోటు ఇదేననిపిస్తుంది.

ఒకరోజు ఎక్కువ ఉండగలిగితే పక్కనే ఉన్న తకెఫు కత్తుల గ్రామానికి కూడా వెళ్లొచ్చు. వంటింటి కత్తులకు పేరున్న కమ్మరులు ఒకే కప్పు కింద పనిచేస్తారు, పై నడవ నుంచి చూడొచ్చు. లక్క పాత్రల కవాడా కూడా దగ్గరే. అయినా ఒక్కదానికే సమయం ఉంటే కాగితపు ఊళ్లకే వెళ్లమంటాను, అదీ జనవరి, ఫిబ్రవరిల్లో. మంచు బాగా పడే ప్రాంతం, ఉన్ని బట్టలు, నీళ్లు దిగని బూట్లు తప్పనిసరి. ముందుగా అనుమతి అడిగితే కొన్ని కార్ఖానాలు లోపలికి రానిస్తాయి. మీ పోస్టుకార్డు మీరు చేసుకున్నాక, పెచ్చులు ఏరుతున్నవాళ్ల దగ్గర కాసేపు నిలబడండి. వాళ్లు చేసిన కాగితం నాలుగు పెద్ద తావులు కొని, మడత పడకుండా గొట్టంలో పెట్టి ఇమ్మని అడగండి.