ఇంట్లో రేడాన్: అక్కడ టెస్ట్, మరి మన దగ్గర?

అమెరికాలో ఇల్లు కొనే మనోళ్లు చాలామంది ముందు రేడాన్ టెస్ట్ చేయిస్తరు. ఎందుకు?

నేలలో, రాళ్లలో ఉండే యురేనియం నుంచి పుట్టే గ్యాస్ రేడాన్. రంగు లేదు, వాసన లేదు. పునాది పగుళ్లలోంచి వచ్చి మూసిన గదుల్లో పేరుకుంటది. అక్కడ ఏడాదికి సుమారు 21,000 మంది దీనివల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోతున్నారని ఈపీఏ అంచనా.

అందుకే జనవరిని రేడాన్ అవగాహన నెలగా జరుపుతారు. చాలా రాష్ట్రాలు టెస్ట్ కిట్లు ఫ్రీగానో తక్కువ ధరకో ఇస్తాయి. లీటరు గాలిలో 4 పికోక్యూరీలు, ఆపైన ఉంటే స్లాబ్ కింద పైపు పెట్టి, ఫ్యాన్‌తో గ్యాస్‌ని ఇంటి పైకి పంపేస్తారు.

మన దగ్గర ఇల్లు కొనేటప్పుడు ఈ టెస్ట్ అడిగే అలవాటే లేదు. పైగా ఏసీ కోసం కిటికీలు బిగిస్తున్నం. రోజూ కాసేపు తెరవండి, నేల పగుళ్లు పూడ్చండి. అమెరికాలో ఉన్న మీ అన్నకో అక్కకో ఈ వీడియో పంపి, టెస్ట్ అయిందా అని అడగండి.