నడిమి గడి

ప్రోగ్రాములు వ్రాయుట నేర్చుకొనుచున్న చల్లపల్లి విద్యార్థిని ఒకతె మాకు జాబు వ్రాసినది. ఆమెకిచ్చిన చిక్కులెక్కలో 7 అడ్డువరుసలు, 7 నిలువువరుసలు గల గళ్ళపటము కలదు. నట్టనడిమి గడిలో ఒక చీమను నిలిపి, అచ్చటినుండి నడిపింపవలెను. చీమ తొలి అడుగే తప్పుచున్నదట. నడిమి గడిని కంప్యూటరునకు ఎట్లు చెప్పవలెనని ఆమె ప్రశ్న.

ఇదెంత పని యనుకొని మేమును కాగితము తీసికొంటిమి. 7ను 2చే భాగించి, అరను విడిచి, 3వ వరుసలో 3వ గడిపై వ్రేలుంచితిమి. చూడగా పైన 2 వరుసలు, క్రింద 4 వరుసలు! మేమును తప్పితిమి.

తప్పు భాగహారములో లేదు. లెక్క మొదలిడిన చోట నున్నది. మనము 1తో మొదలిడుదుము. సీ, జావా, పైథాన్ వంటి భాషలలో మొదటి గడి సంఖ్య 0. కనుక 7 వరుసలకు 0 నుండి 6 వరకు సంఖ్యలు వచ్చును. వానిలో నడిమిది 3. మన లెక్కలో అదియే 4వది. 1తో మొదలిడినచో వరుసల సంఖ్యకు 1 కలిపి సగము చేయవలెను. 0తో మొదలిడినచో 1 తీసివేసి సగము చేయవలెను. మేము ఒక పద్ధతిలో లెక్కవేసి, వేరొక పద్ధతిలో గడిని వెదకితిమి.

మన యిండ్లలోని స్త్రీలకు ఈ సంగతి క్రొత్త కాదు. సంక్రాంతి ముగ్గులలో 15 చుక్కలనుండి 8 వరకు సందుచుక్క పెట్టునపుడు 15 చుక్కల వరుసను ముందుగా నడుమ వేసి, ఇరువైపుల ఒక్కొక్క చుక్క తగ్గించుకొని పోవుదురు. ఆ వరుసలో 8వ చుక్కయే ముగ్గునకు నడుము. అటు 7, ఇటు 7. ఒక్క చుక్క జరిగెనా, ముగ్గంతయు ఒరిగిపోవును.

ఇక వరుసలు సరిసంఖ్యలో నున్నచో నడిమి గడియే లేదు. చదరంగపు బల్ల చూడుడు. 8 వరుసల ఆ బల్లకు నడుమ 4 గళ్ళు కలవు. 1987లో గుడివాడలో జన్మించి, 2002లో గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి వంటి క్రీడాకారులు ఆట తొలిదశలో పోరాడునది ఆ నాలుగింటిపై పట్టు కొరకే. కంప్యూటరు మాత్రము 8లో సగము 4 అని, 0తో మొదలిడిన లెక్కలో, ఆ నాలుగింటిలో ఒక మూలగడిని మారుమాటాడక చూపును. అది మనము కోరిన గడియేనా యని చూచుకొనుట మన పని.

పటములో ఒక భాగమునకే నడుము కావలసినచో రెండు కొసలను కలిపి సగము చేయుదుము. 11వ వరుసనుండి 17 వరకు నడిమిది 14. ఇందును ఒక ప్రమాదము కలదు. జావా భాషలోని సాధారణ పూర్ణాంకము 214 కోట్లు దాటి కొంతవరకే పట్టును. కొసలు రెండును మిక్కిలి పెద్దవైనచో వాని మొత్తము ఆ హద్దు మీరి ఋణసంఖ్యయై పోవును. జావా గ్రంథాలయములోని వెదకులాట ప్రోగ్రాములోనే ఈ దోషము ఏండ్ల తరబడి దాగియున్నదని జాషువా బ్లాక్ 2006లో వెల్లడించెను. విరుగుడు సులభము: కొసలను కలుపక, వాని భేదములో సగమును మొదటి కొసకు చేర్చవలెను. 17లో 11 పోగా 6, అందు సగము 3, 11కు చేర్చగా 14.

జాబు వ్రాసిన చిరంజీవికి మేము చెప్పునది ఇంతియే. సూత్రమును నమ్ముటకు ముందు కాగితముపై 3 వరుసల పటమొకటి, 4 వరుసల పటమొకటి గీయుము. నీవు చూపిన గడికి నాలుగు దిక్కుల ఎన్నేసి గళ్ళున్నవో లెక్కింపుము. సమానమైనచో చీమను నిశ్చింతగా విడువవచ్చును. కానిచో, ఆ చిక్కులెక్కను మరల చదువుము.