లివర్ రిపోర్టులో గ్రేడ్ వేరు.. స్టేజ్ వేరు! ఏ మాటకు అర్థమేంటి?

అల్ట్రాసౌండ్ రిపోర్టులో 'హెపటోమెగాలీ' అని కనిపించగానే చాలామంది కంగారుపడతారు. ఈ పదాలను విడదీసి చదివితే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

హెపటో అంటే: కాలేయానికి సంబంధించినది. గ్రీకు నుంచి వచ్చిన మాట. 'మెగాలీ' చేరితే కాలేయం సైజు పెరిగిందని అర్థం. 'ఐటిస్' చేరితే హెపటైటిస్, అంటే కాలేయంలో వాపు. దీనికి వైరస్, మద్యం, కొన్ని రకాల మందులు కూడా కారణం కావచ్చు.

గ్రేడ్ 1, 2, 3: ఫ్యాటీ లివర్‌లో కొవ్వు ఎంత కనిపిస్తోందో చెబుతాయి. దీన్నే 'స్టియటోసిస్' అనీ రాస్తారు.

స్టేజ్ ఎఫ్0 నుంచి ఎఫ్4: కాలేయం ఎంత గట్టిపడిందో, అంటే ఫైబ్రోసిస్ స్థాయిని చెబుతాయి. ఎఫ్4 అంటే సిర్రోసిస్. మామూలు అల్ట్రాసౌండ్‌లో తొలి దశ ఫైబ్రోసిస్ తెలియదు. ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్ష కావాలి. అందుకే 'గ్రేడ్ 1 కదా' అని షుగర్, ఊబకాయం ఉన్నవారు వదిలేయకూడదు. అధిక బరువున్నవారు 7 నుంచి 10 శాతం తగ్గితే కొవ్వు, వాపు తగ్గే అవకాశం ఎక్కువ.

అసైటిస్: పొట్టలో నీరు చేరడం. వెంటనే డాక్టర్‌ను కలవాలి.

కామెర్లు: జబ్బు కాదు, లక్షణం. రక్తంలో బిలిరుబిన్ పెరిగితే కళ్లు పచ్చబడతాయి. పసరు మందుతో కాలయాపన చేస్తే అసలు కారణం బయటపడదు.

ఉచితంగా ఎక్కడ?: జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని కేంద్రం 2018 జులై 28న ప్రారంభించింది. దీని కింద నిర్దేశిత ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు ఉచితం. మీ జిల్లాలో ఆ కేంద్రం ఎక్కడుందో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో అడగండి.